మైసమ్మకు మొక్కిన పుంజు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ హాయి, మీకూ హాయి. బల్లి అరిస్తే భయం, ఫోన్ మోగితే భయం, మోగాల్సిన ఫోన్ మోగకపోతే మరీ భయం. అలాంటిదాని చేతిలో, తెలంగాణ ఉద్యమం రోడ్లన్నీ ఊపేస్తున్న చలికాలంలో, ఒక తల్లి తన కొడుకు ప్రాణం తెచ్చిపెట్టి వెళ్ళింది. చూసేవాళ్ళకు మాత్రం అది ఒక ఎర్ర కోడిపుంజు.

అప్పుడు మేము మదీనాగూడలో, ముంబై హైవే వెనకాల రెండో సందులో కిరాయికి ఉండేవాళ్ళం. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి గానీ ఆ ఇల్లు పాతది. ముందు రెండు గదులు మావి, వెనక గదులు ఇంటావిడవి, ఇద్దరికీ కలిపి ఒక పెరడు. పెరట్లో జామచెట్టు, గోడవారగా ఇనుప జాలీ కొట్టిన కోళ్ళ గూడు. మాది అనంతపురం వైపు పల్లె. మా ఆయనది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పని. పొద్దున కంపెనీ క్యాబ్ ఎక్కితే చీకటి పడ్డాకే దిగేవాడు. ఇంటావిడ అక్కడే పుట్టి అక్కడే పెరిగిన మనిషి. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, యూనివర్సిటీ హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్నాడు. ఆవిడను నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆవిడ నన్ను బిడ్డా అనేది.

మా ఇద్దరికీ దోస్తీ కుదిరింది కోళ్ళ దగ్గరే. నేను పుట్టింట్లో కోళ్ళ మధ్య పెరిగినదాన్ని. పొద్దున్నే ఆవిడ కోళ్ళ గూడు తెరిచి నూకలు చల్లుతూ ఉంటే ఆవిడ వచ్చి గోడకానుకుని నిలబడి, "నీ చేతి మేతకు మంచిగ పెరుగుతున్నయి బిడ్డా" అనేది. నాకు అంతకంటే పెద్ద మెప్పు ఆ ఊళ్ళో ఇంకెవరూ ఇవ్వలేదు.

ఉద్యమం ముదిరిన కొద్దీ నేను గేటు దాటడం తగ్గించేశాను. నన్నెవరూ ఏమీ అనలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ టీవీ చూసి చూసి నా గుండె చింతపిక్కంత అయింది. కూరగాయల బండి దగ్గర నోరు తెరవాలంటే భయం. నా యాస వింటే ఎవరేమంటారో! వేలు పెట్టి చూపించి, తలూపి, సంచిలో వేయించుకుని వచ్చేదాన్ని. బండివాడు నన్ను మూగదాన్ననుకున్నాడని తర్వాత తెలిసింది.

అంతలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ పెరట్లోకి జారిపోయిన కొంగుతో పరుగెత్తుకొచ్చింది. యూనివర్సిటీలో లాఠీచార్జి అయింది, కొడుకును పోలీసులు పట్టుకుపోయారు. దెబ్బలు ఏమాత్రం తగిలాయో ఎవరూ చెప్పడం లేదు. ఆవిడ ఏడవలేదు. నేరుగా గూట్లోకి వంగి ఎర్రపుంజును పట్టుకుంది. దాని నెత్తిన నీళ్ళు చల్లి, కుంకుమ బొట్టు పెట్టి, పసుపు తాడు కాలికి కట్టింది.

"తల్లీ, కట్టమైసమ్మా! నా కొడుకు సక్కగ ఇంటికి రావాలె. అచ్చిన తెల్లారే గీ పుంజును నీకిస్త" అంది.

మా వైపూ ఇదే ఆనవాయితీ. అమ్మవారికి విడిచిన కోడిని ఇక అమ్మకూడదు, కొయ్యకూడదు, దాని బదులు ఇంకోటి ఇవ్వకూడదు. మొక్కు తీరేదాకా అది మనింట్లో తిరిగే అమ్మవారి సొత్తు. మధ్యలో చచ్చిందా, ఎవరి కోసం మొక్కారో వాళ్ళకు కీడు. చదువుకున్నదానివి, ఇవన్నీ నమ్ముతావా అంటారేమో. నమ్మానండి. నమ్మకపోతే ఆ నెల అంతా అంత బాధ ఎందుకు పడతాను?

మర్నాడే, కొడుకును జైల్లో పెట్టారని తెలిసి, పెద్దమ్మ సంచి సర్దుకుని, జైలుకు దగ్గరగా ఉన్న తన తమ్ముడింటికి బయల్దేరింది. గేటు దగ్గర నా రెండు చేతులూ పట్టుకుంది.

"కోళ్ళు పోతే పోనియ్యి బిడ్డా. పుంజు మాత్రం పైలం. నా పానమంత దాని మీదనే ఉంది."

సరేనన్నాను. ఆ క్షణంలో ఇంకేమంటాను? ఆవిడ సందు మలుపు తిరగ్గానే నాకు ముచ్చెమటలు పోశాయి. పిల్లి ఉంది, కుక్కలున్నాయి, పైన గద్దలున్నాయి. అన్నిటికీ మించి చలి ఉంది.

ఆ ఏడు చలి ఏం చలండీ బాబూ! తెల్లవారి లేస్తే జామచెట్టు కూడా కనిపించని మంచు. బకెట్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. మా ఊళ్ళో కోళ్ళకు ఎండదెబ్బ తగలడం చూశాను గానీ చలిదెబ్బ సంగతి నాకేం తెలుసు? భయం ఉన్నచోట బుద్ధి ఉండదు. కోళ్ళు చలికి చచ్చిపోతాయని, ఎక్కడా చీమ దూరే సందు లేకుండా గూడంతా కప్పేశాను. మా ఆయన స్నేహితుడొకడు రియల్ ఎస్టేట్ వ్యాపారి, వాడి దగ్గర పాత ఫ్లెక్సీలు ఉంటే తెప్పించి జాలీ మీద రెండు పొరలు చుట్టి, తాళ్ళతో బిగించి కట్టాను. గూటి చుట్టూ విల్లాలు, ఈతకొలను, నవ్వుతున్న కుటుంబం. కోళ్ళకు గేటెడ్ కమ్యూనిటీ కట్టావు కదే అని మా ఆయన నవ్వాడు. నాకు మాత్రం గర్వంగానే ఉండింది.

పెద్దమ్మ రోజూ ఫోన్ చేసేది. నేను ఎట్లున్నానని గానీ, ఇంటి సంగతి గానీ అడిగేది కాదు. "పుంజెట్లుంది? మేత తిన్నదా?" అదే మొదటి మాట. తిన్నది పెద్దమ్మా అంటే అవతల ఒక పెద్ద ఊపిరి వినిపించేది. అప్పుడు కొడుకు సంగతి చెప్పేది. ఒకసారి చూడనిచ్చారట, తలకు కట్టు ఉందట, బెయిలు మాత్రం రావడం లేదట.

ఒక పొద్దున గూడు తెరిస్తే నల్లపెట్ట కాళ్ళు చాచి పడి ఉంది. పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. మరో పెట్ట మూలకు ముడుచుకుని తుమ్ముతోంది, అది సాయంత్రానికి పోయింది. కప్పింది చాలక చలి ఇంకా లోపలికి వస్తోందనుకుని ఇంకో ఫ్లెక్సీ కట్టాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ తర్వాత పుంజు కూయడం మానేసింది. అంతకు ముందు దాని కూత వినలేక చెవులు మూసుకునేవాళ్ళం, ఇప్పుడు ఆ నిశ్శబ్దానికి నిద్ర లేచి కూర్చున్నాను. పరుగెత్తి వెళ్ళి గూట్లోకి తల దూర్చాను. కళ్ళు భగ్గున మండాయి, ముక్కు పగిలిపోయే రెట్ట కంపు. తలెత్తి చూస్తే ఫ్లెక్సీ లోపలివైపు అంతా నీటి బొట్లు. కోళ్ళ ఊపిరే పైకి లేచి, బయటకు పోయే దారి లేక, బొట్లుబొట్లుగా వాటి మీదే పడుతోంది. ఈకలు తడిసిపోయి ఉన్నాయి. నేలంతా చిత్తడి. అయ్యో, వాటికి చలి కాదు, తడి పట్టిందని అప్పుడు గాని నా మట్టిబుర్రకు తట్టలేదు. గాలి ఆడితే, పొడిగా ఉంటే అవి తమ ఈకల వెచ్చదనంతో బతికేవే. నేనే వాటిని సంచిలో పెట్టి మూతి కట్టాను.

ఏడుస్తూనే ఫ్లెక్సీలన్నీ పీకి పారేశాను. గూడంతా గీకి, పొడి బూడిద చల్లి, వరిగడ్డి పరిచాను. కానీ పుంజు లేవలేదు. ముక్కులోంచి నీరు, గొంతులో గురగుర, నెత్తి మీది ఎర్ర తురాయి నేరేడుపండు రంగుకు తిరిగింది. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక గుచ్చుకుంది. కాలికి పసుపు తాడు మాత్రం అలాగే ఉంది. అదే సమయానికి ఫోన్ మోగింది.

"పుంజెట్లుంది బిడ్డా?"

"బాగుంది పెద్దమ్మా."

"కూత ఇనవడ్తలేదేంది?"

"మేస్తా ఉండాది పెద్దమ్మా, ఆ మూల ఉండాది" అన్నాను. ఫోన్ జారి వరిగడ్డిలో పడింది.

ఆ రోజు బంద్. బంద్‌లో క్యాబులు తిరగవని ముందురోజే కంపెనీవాళ్ళు మా ఆయన్ను ఆఫీసులోనే ఉంచుకున్నారు. బస్సు లేదు, ఆటో లేదు. పశువుల దవాఖాన మియాపూర్ వైపు ఉంది. నడిచి పోవాలి. హైవే మీద ఊరేగింపులుంటాయి, రాళ్ళు పడతాయి, నన్ను ఎవరైనా నిలబెడితే? ఇవన్నీ లెక్కవేసుకుంటూ కూర్చుంటే పుంజు చచ్చేలా ఉంది. చస్తే ఆ పిల్లవాడికి ఏమవుతుంది? ఏమైనా అయితే పెద్దమ్మ మొహం చూడగలనా? ఆంధ్రావాళ్ళ చేతిలో పెట్టినందుకు చచ్చిందని సందంతా అనుకోదా? దాన్ని పాత శాలువలో చుట్టి, తల బయటకు ఉండేలా బుట్టలో పెట్టుకుని, ఉన్న దేవుళ్ళందరినీ తలుచుకుని గేటు తీశాను.

హైవే మీద ఒక్క బండి లేదు. అంత వెడల్పు రోడ్డు ఖాళీగా ఉన్నా అంచు వెంటే నడిచాను. కొంత దూరం పోయాక పొగ కనిపించింది. టైర్లు కాలుస్తున్నారేమోననుకున్నాను. దగ్గరికి పోతే వంటావార్పు! రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళతో పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పు వండుతున్నారు. జెండాలు, డప్పులు, పాటలు. ఆడవాళ్ళు కూరగాయలు కోస్తున్నారు. పక్కనుంచి తల వంచుకుని జారుకుందామని చూశాను.

"ఏయ్, అక్క కోడి తెచ్చిందిరో!" అని ఒకతను కేకేశాడు. అంతే, ఈలలు, నవ్వులు.

"గిదీ ముచ్చటంటే! పప్పు తిని తిని నోరు సచ్చింది. దా అక్కా, దా!"

ఎవరో బుట్ట పట్టుకున్నారు. వాళ్ళది హాస్యమే, మొహాల్లో కోపం లేదు. కానీ బుట్ట నా చేతిలోంచి పోయింది, ఇంకొకతని చేతికి వెళ్ళింది, ఆ చేతి పక్కనే కత్తిపీట ఉంది. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుంది. తెరవకపోతే పుంజు గంజులోకి పోతుంది. శాలువ విప్పుతున్నారు.

"ముట్టుకోవద్దప్పా!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. "మీకు దండం పెడతా, అది అమ్మోరికి ఇడిసిన కోడి! మా ఇంటామె కొడుకు మీ పోరాటంలోనే జైల్లో ఉండాడు. వాని కోసరం మొక్కిండేది. దానికేమన్నా అయితే ఆ తల్లి బతకదు నాయినా!"

డప్పు ఆగిపోయింది. అందరూ నా వైపు చూశారు. ఇంత యాస, ఇంత గట్టిగా, నడిరోడ్డు మీద. చచ్చానురా దేవుడా అనుకున్నాను.

"ఏ ఊరమ్మా మీది?" అని ఒకతను అడిగాడు. నవ్వు లేదు ఆ మాటలో.

"అనంతపురం" అన్నాను. అబద్ధం కూడా తట్టలేదు.

అతను ఏదో అనబోయాడు. అంతలో పొయ్యి దగ్గరున్న ఒక పెద్దావిడ చేతిలో గరిటెతోనే లేచి వచ్చింది. బుట్టలోకి వంగి చూసింది. పసుపు తాడు, నెత్తిన ఇంకా మిగిలిన కుంకుమ. బుట్ట పట్టుకున్నతని చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఇడువురా! మైసమ్మ కోడితోటి ఆటలా?" అని నా వైపు తిరిగింది. "బిడ్డా, గిది చలికి ముడుసుకపోయింది. జర పొయ్యి కాడ కూసో, కాక తాకనియ్."

కూర్చున్నాను. వందల మంది మధ్య, పొయ్యి పక్కన, ఒళ్ళో పుంజుతో. ఆవిడ గిన్నెలో గోరువెచ్చటి గంజి ఇస్తే వేలితో దాని ముక్కు తెరిచి బొట్లు బొట్లుగా పోశాను. ఒకటి రెండు గుటకలు వేసింది. లేచి నడుస్తుంటే, ఊరు పేరు అడిగినతను నా వెనకాలే రావడం గమనించాను. ఎంత వేగంగా నడిస్తే అంత వేగంగా వస్తున్నాడు. దవాఖాన గేటు దగ్గర తాళం చూసి నేను కూలబడబోతుంటే అతను వచ్చి, "సామ్నే బందుంటది. ఎన్కకు పోయి పిలువు, డాక్టర్ ఆడనే ఉంటడు" అని చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. థ్యాంక్స్ కూడా చెప్పలేకపోయాను, నోరు మళ్ళీ పోయింది.

డాక్టరు మందు వేసి, నీళ్ళలో కలిపే పొడి ఇచ్చి, తడి తగలనివ్వకండి, బతికితే బతుకుతుంది అన్నాడు. బతికింది. మిరియాల నీళ్ళు పట్టాను, అన్నం మెతుకులు చిదిమి నోట్లో పెట్టాను, పొద్దున ఎండ ఎక్కడ పడితే అక్కడికి బుట్ట జరుపుకుంటూ తిరిగాను. అది ఒక తుమ్ము తుమ్మితే నా గుండె ఆగేది. తురాయి మెల్లగా ఎరుపు తిరిగింది. ఒక తెల్లవారుజామున, గొంతు బొంగురుగానే, అది కూసింది. నేను వంటింట్లో పాలగిన్నె వదిలేసి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పాలు పొంగిపోయాయి.

అది కూసిన కొన్నాళ్ళకే బెయిలు వచ్చింది. పెద్దమ్మ కొడుకును తీసుకుని ఆటోలో దిగింది. తలకు కట్టు లేదు గానీ కనుబొమ పైన కుట్లు. మనిషి సగమయ్యాడు. ఆవిడ ముందు గూటి దగ్గరికి వెళ్ళి పుంజును ఎత్తుకుంది. రొమ్ము తడిమి చూసింది.

"సిక్కింది" అంది. ఒక్క క్షణం ఆగి, "మావోడు గూడ గిట్లనే సిక్కిండు బిడ్డా" అంది. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే కట్టమైసమ్మ దగ్గరికి పోయాం. ఒకప్పటి చెరువు ప్లాట్లయిపోయింది, కట్టా పోయింది, ఒక అపార్ట్‌మెంటు ప్రహరీ గోడ వెనకాల చిన్న గుడిలో అమ్మవారు మాత్రం మిగిలింది. సందులోని ఆడవాళ్ళు నలుగురైదుగురు, పెద్దమ్మ, ఆవిడ కొడుకు, నేను. మంచు ఇంకా విడలేదు. పెద్దమ్మ చెంబులో వేపాకు వేసిన పసుపునీళ్ళు పుంజు మీద చల్లింది.

ఆ నీళ్ళకు కోడి ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. పుంజు కదల్లేదు. తడిసిన ఈకలతో అలాగే నిలబడి ఉంది.

ఆవిడ మళ్ళీ చల్లింది. "తల్లీ, తప్పేమన్న ఉంటే కాయి. ఒప్పుకో తల్లీ" అంది. కదల్లేదు. మూడోసారి చల్లేటప్పటికి నీళ్ళు గురి తప్పి నేలపాలయ్యాయి. వెనకాల ఒకావిడ, "ఎవలి చెయ్యి వడ్డదో ఏమో" అంది మెల్లగా. ఆ మాట నన్నే. నేను గోడకు అతుక్కుపోయాను. కొడుకు మాత్రం, "చలికి కొయ్యబారిందే అమ్మా, ఇడిసిపెట్టు" అంటున్నాడు. పెద్దమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. పోలీసులు కొడుకును పట్టుకుపోయిన రోజు కూడా ఆవిడ అలా లేదు.

"నువ్వు చల్లు బిడ్డా" అని చెంబు నా చేతిలో పెట్టింది. "నీ చేతుల బతికింది."

నాకు ఏం కోరుకోవాలో తెలియలేదు. విదిలిస్తే పిల్లవాడు క్షేమం, పుంజు మెడ తెగుతుంది. విదిలించకపోతే పుంజు ఉంటుంది, ఈ తల్లి రోజూ చస్తుంది. తడి తగలనివ్వకుండా ఇన్నాళ్ళు కాపాడిన ఒంటి మీద నేనే నీళ్ళు చల్లాను. పుంజు తలెత్తి నా వైపు చూసింది. మేత పెడతాననుకుందో ఏమో, ఒక అడుగు నా దగ్గరికి వేసి, నెత్తి నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది. నీళ్ళు నా మొహం మీద పడ్డాయి. ఆడవాళ్ళంతా చేతులెత్తి మొక్కారు. నేను కళ్ళు మూసుకున్నాను.

కూర గిన్నె ఇంటికి పంపింది పెద్దమ్మ. మా ఆయన తిన్నాడు. నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం నేను పెరట్లో గూడు కడుగుతుంటే కొడుకు ఉతికిన చొక్కా తొడుక్కుని, భుజాన కండువా వేసుకుని బయటకు వచ్చాడు.

"ఎటురా?" అంది పెద్దమ్మ.

"క్యాంపస్‌కు. సభ ఉంది."

"నిన్ననే గదరా ఇంటికొస్తివి!"

అతను నవ్వి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "మొక్కు తీరె గదనే అమ్మా. ఇంక ఫికరేంది?" అని చెప్పులేసుకుని గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ వచ్చి తడి నేల మీదే, గూటి పక్కన కూర్చుంది.

"ఇన్నొద్దులు పుంజు మేత తిన్నదంటే మావోడు గూడ తిన్నడనుకున్న" అంది. "నువ్వు మంచిగుందంటే వాడు మంచిగున్నడనుకున్న. ఇగ దేన్ని జూసి తెలుసుకోవాలె బిడ్డా?"

చీపురు పక్కన పెట్టి ఆవిడ పక్కనే కూర్చున్నాను. సందులో ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా ఇద్దరం గేటు వైపు చూస్తున్నాం.